కళ్ళు మూసుకుని కొనే కారు

పోయిన నెల మా బావమరిది డల్లాస్ నుంచి ఫోన్ చేశాడు. ఎమ్మెస్ అయిపోయి ఈ మధ్యే ఉద్యోగంలో చేరాడు. పాత క్యామ్రీ ఒకటి చూశాట్ట. 2016 మోడల్, తొంభై వేల మైళ్ళు తిరిగింది. "బావా, టొయోటానే కదా, కళ్ళు మూసుకుని కొనెయ్యొచ్చు కదా?" అన్నాడు.

నవ్వొచ్చింది. 2004లో నేను అమెరికా వెళ్ళిన కొత్తలో మా రూమ్మేట్‌ని అచ్చంగా ఇదే అడిగాను. అతను "కళ్ళు మూసుకుని కొను" అన్నాడు. కొన్నాను. 1998 కొరోల్లా, అప్పటికే లక్షా పది వేల మైళ్ళు తిరిగిన బండి, నాలుగు వేల డాలర్లు. ఏడేళ్ళు వాడాను. ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు వేయించడం తప్ప దానికి నేను చేసిన సేవ ఏమీ లేదు. 2011లో ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు అమ్మకానికి పెడితే రెండో రోజు సాయంత్రానికి వెళ్ళిపోయింది. కొన్నది కూడా తెలుగబ్బాయే. వాడూ బానెట్ ఎత్తి చూడలేదు.

అలాంటప్పుడు మా బావమరిదికి వెంటనే "కొనెయ్ రా" అని చెప్పాలి కదా? చెప్పలేకపోయాను. ఎందుకో చెప్పడానికే ఈ సోదంతా.

ముందు మనవాళ్ళకి టొయోటా మీద ఇంత గురి ఎందుకో చూద్దాం. జపాన్ వాళ్ళ పనితనం, మైలేజీ, అవన్నీ ఎలాగూ ఉన్నాయి. కానీ అమెరికాలో మన దేశీలకి ఇంకో కారణం ఉంది, అది ఏ ఆటో మ్యాగజైన్ వాడూ రాయడు. వీసా. హెచ్ వన్ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఎక్కువలో ఎక్కువ అరవై రోజులు గడువు. ఆలోపు ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. అంతకుముందైతే ఆ గడువు కూడా లేదు. అలాంటి బతుకులో కారు అంటే సోకు కాదు, అవసరమైతే వారంలో డబ్బు చేసుకోగలిగిన వస్తువు. మన ఊళ్ళో ఆడవాళ్ళు బంగారం ఎందుకు కొంటారో, మనవాళ్ళు అక్కడ క్యామ్రీ అందుకు కొంటారు. అందంగా ఉందా, నడుపుతుంటే హుషారుగా ఉందా అన్న ప్రశ్నే రాదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, హుషారుగా ఉండదు కూడా. హైవే మీద టైర్ల రొద లోపలికి వినిపిస్తుంది, లోపల ప్లాస్టిక్ ప్లాస్టిక్‌లాగే ఉంటుంది. అయినా ఓనర్లని అడగండి, "స్టార్ట్ అవుతుందండీ" అంటారు. అంతే వాళ్ళ రివ్యూ.

ఇండియాలో కథ వేరే దారిలో వచ్చి అక్కడికే చేరింది. కిర్లోస్కర్ వాళ్ళతో కలిసి బెంగళూరు పక్కన బిడది దగ్గర ప్లాంటు పెట్టి, 2000లో క్వాలిస్ తెచ్చారు. డబ్బాలా ఉందని నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ డబ్బానే ట్రావెల్స్ వాళ్ళు ఎగబడి కొన్నారు. 2005లో దాని చోట ఇన్నోవా వచ్చింది. ఆ తర్వాత మన రాష్ట్రంలో పెళ్ళివారి బండి, తిరుపతి బండి, ఎమ్మెల్యేగారి వెనకాల బండి, అన్నీ ఇన్నోవాలే. మీరు ఎప్పుడైనా అలాంటి బండి డ్రైవర్ పక్కన కూర్చుని కదిలించి చూడండి. "నాలుగు లక్షలు తిరిగింది సార్, ఇంజను విప్పలేదు" అని తన కొడుకు ఫస్ట్ క్లాసులో పాసయినట్టు చెప్తాడు. కారు గురించి నిజం తెలిసేది కొన్నవాడికంటే దాని మీద బతికేవాడికే. ఆ మాటకి నేను చాలా విలువిస్తాను.

సరే, ఈ పేరు ఎక్కడినుంచి వచ్చింది? ఇది తెలుసుకోవాలంటే కార్ల దగ్గర మొదలెడితే లాభం లేదు. మగ్గం దగ్గర మొదలెట్టాలి.

మాది చీరాల దగ్గర పల్లెటూరు. మా వీధి చివర మగ్గాల ఇళ్ళు ఉండేవి. చిన్నప్పుడు సెలవుల్లో అక్కడ కూర్చుని చూస్తుండేవాణ్ణి. నాడె అటూ ఇటూ పరిగెడుతుంటే మధ్యలో పోగు తెగేది. వెంటనే మగ్గం ఆగేది. ఆయన వంగి, కొస వెతికి, ముడేసి, మళ్ళీ మొదలెట్టేవాడు. ఆపకుండా నేస్తే ఏమవుతుందని అడిగాను ఒకసారి. "ఏమవుద్ది, చీర పోద్ది" అన్నాడు.

టొయోటా కంపెనీకి మూలపురుషుడు సకిచి టొయోడా. 1867లో పుట్టిన వడ్రంగి కొడుకు. ఇంట్లో అమ్మ మగ్గం మీద పడే కష్టం చూసి మగ్గాలు బాగు చెయ్యడం మొదలెట్టాడు. ఆయనా, ఆయన కొడుకు కీచిరో కలిసి 1924లో తెచ్చిన ఆటోమేటిక్ మగ్గం గొప్పతనం వేగం ఒక్కటే కాదు. పోగు తెగితే అదంతట అదే ఆగిపోతుంది. అంతకుముందు పోగు తెగిందా లేదా అని చూడ్డానికి మగ్గం పక్కన మనిషి కాపలా ఉండాలి. ఇప్పుడు ఒక్క మనిషి చాలా మగ్గాలు చూసుకోవచ్చు, ఎందుకంటే ఆగిన మగ్గం దగ్గరికి వెళ్తే చాలు. 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీ ఈ మగ్గం పేటెంట్ హక్కుల్ని లక్ష పౌండ్లకి కొనుక్కుంది. ఆ డబ్బే కీచిరో కార్ల ప్రయోగాలకి పనికొచ్చిందని చెప్తారు. 1937లో కార్ల కంపెనీ విడిగా ఏర్పడింది.

మొదట్నుంచీ మంచి కార్లు చేశారనుకుంటున్నారేమో. అబ్బే. 1935లో వచ్చిన వాళ్ళ మొదటి ట్రక్కు జీ వన్ తరచూ రోడ్డు మీద ఆగిపోయేది. వీళ్ళ మనుషులు వెళ్ళి బాగు చేసి వచ్చేవాళ్ళు. యుద్ధం తర్వాత కంపెనీ దాదాపు దివాళా తీసింది. 1950లో సమ్మె, వెయ్యి మందికి పైగా ఉద్యోగాలు పోవడం, ఆ బాధ్యత తనదని కీచిరో రాజీనామా చెయ్యడం, అన్నీ ఒక్క ఏడాదిలోనే. కొరియా యుద్ధానికి అమెరికా సైన్యం ట్రక్కులు ఆర్డరిచ్చి ఉండకపోతే ఈ కథ అక్కడే అయిపోయేది. కీచిరో 1952లో చనిపోయాడు, కంపెనీ బాగుపడటం సరిగ్గా చూడకుండానే.

అమెరికాలో మొదటి అడుగు ఇంకా ఘోరం. 1957లో కాలిఫోర్నియాలో ఆఫీసు తెరిచి టొయోపెట్ క్రౌన్ అనే కారు తీసుకెళ్ళారు. జపాన్ గతుకుల రోడ్లకి తయారు చేసిన బండి, అమెరికా హైవే ఎక్కేసరికి వేడెక్కి ఆయాసపడింది. 1958 మొత్తం మీద అమ్మింది 288 బండ్లు. అందులో ఒకటి ల్యాండ్ క్రూజర్. కొన్నాళ్ళకి క్రౌన్‌ని అక్కడ అమ్మడం ఆపేసి, వెనక్కి వెళ్ళి, ఆ దేశానికి తగ్గ కారుతో మళ్ళీ వచ్చారు. 1965లో కరోనా (అవును, కారు పేరే అది), ఆ తర్వాత కొరోల్లా. 1982లో క్యామ్రీ మొదలైంది. 2002 నుంచి అమెరికాలో సెడాన్‌లలో ఎక్కువగా అమ్ముడయ్యేది అదే.

ఈ మధ్యలో జరిగిందే మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు తెలుసుకోవాల్సింది. తాయిచీ ఓనో అనే ఇంజనీరు మగ్గం సూత్రాన్నే కార్ల ఫ్యాక్టరీకి తెచ్చాడు. లైన్ మీద పనిచేసే ఏ మనిషికైనా తేడా కనిపిస్తే పైనున్న తాడు లాగొచ్చు. దాన్ని ఆండన్ తాడు అంటారు. లాగగానే దీపం వెలుగుతుంది, పాట మోగుతుంది, టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు. ఆ కారు తర్వాతి గీత దాటే లోపు సర్దితే సరే, లేకపోతే లైన్ ఆగిపోతుంది. కొన్ని వందల మంది చేతులు కట్టుకుని నిలబడతారు, నిమిషానికి ఇంత అని నష్టం. అయినా తాడు లాగినవాణ్ణి తిట్టరు. లోపం పక్క స్టేషన్‌కి పోకూడదు, అంతే లెక్క.

దీని దెబ్బ ఎలా ఉంటుందో మనవాళ్ళు బోలెడంత మంది ఉండే ఫ్రీమాంట్‌లోనే రుజువైంది. అక్కడి జనరల్ మోటార్స్ ప్లాంటు అమెరికాలోకెల్లా అధ్వాన్నమైన వాటిలో ఒకటని పేరు. రోజూ అయిదో వంతు మంది డ్యూటీకి వచ్చేవాళ్ళు కాదు. ఏం జరిగినా లైన్ మాత్రం ఆగకూడదు, తప్పులుంటే చివర్లో చూసుకుందాం అన్నది పద్ధతి. 1982లో మూసేశారు. 1984లో టొయోటా, జి.ఎమ్. కలిసి నుమ్మీ అన్న పేరుతో మళ్ళీ తెరిచారు. అదే యూనియన్, చాలా వరకు అవే మొహాలు. వాళ్ళ చేతికి తాడు ఇచ్చారు. రెండేళ్ళు తిరక్కుండా జి.ఎమ్. ప్లాంట్లన్నిట్లో నాణ్యతలో ముందు వరసకి వచ్చింది. మనుషులు మారలేదు, తప్పు చెప్పినవాడికి జరిగే మర్యాద మారింది. ఆ ప్లాంటు 2010లో మూతపడింది. ఇప్పుడు అక్కడే టెస్లా కార్లు తయారవుతున్నాయి. నుమ్మీలో పనిచేసిన జాన్ క్రాఫ్సిక్ అనే ఇంజనీరే 1988లో రాసిన వ్యాసంలో ఈ పద్ధతికి 'లీన్' అని పేరు పెట్టాడు. మనం ఆఫీసుల్లో చిలక పలుకుల్లా పలికే లీన్, కాన్‌బాన్, ఫైవ్ వైస్, అన్నీ ఆ ఇంటి నుంచి వచ్చినవే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి.

2008లో నేనొక ప్రాజెక్టులో ఉన్నాను. ఆరోగ్య బీమా క్లెయిములు ప్రాసెస్ చేసే సాఫ్ట్‌వేర్. కంపెనీ పేరు అనవసరం. మాకూ గోడ మీద పెద్ద కాన్‌బాన్ బోర్డు ఉండేది, రంగు రంగుల చీటీలతో. ఒక శుక్రవారం రాత్రి రిలీజ్. సాయంత్రం నాలుగింటికి టెస్ట్ డేటాలో ఒక తేడా కనిపించింది. తేదీ ఫార్మాట్ ఒక రకంగా వస్తే కొన్ని క్లెయిములు గడువు దాటిపోయినట్టు లెక్క తేలుతున్నాయి. పది వేలలో ముప్ఫై నలభై. మా లీడ్‌తో గొణిగాను. ఆయన గడియారం చూసి, "తర్వాతి ప్యాచ్‌లో పెడదాంలే" అన్నాడు. నేను గట్టిగా అనలేదు. చీటీని 'పూర్తయింది' గడిలోకి జరిపింది నేనే, నా చేత్తోనే.

తర్వాతి వారానికి కొన్ని వందల మందికి మీ క్లెయిము తిరస్కరించాం అని ఉత్తరాలు వెళ్ళిపోయాయి. తర్వాత అన్నీ సరిచేశారు, నిజమే. కానీ సపోర్టు వాళ్ళు మాకు వినిపించిన ఒక కాల్ రికార్డింగ్ నాకింకా గుర్తుంది. ఒక పెద్దావిడ, భర్తకి కీమోథెరపీ జరుగుతోంది. అరవలేదు, తిట్టలేదు. "నేను ఏం తప్పు రాశానో చెప్పండి, మళ్ళీ రాస్తాను" అంటోంది. తప్పు ఆవిడ రాయలేదు. మేం రాశాం. ఆ తర్వాత మేం రాసిన రూట్ కాజ్ డాక్యుమెంట్‌లో అయిదు 'ఎందుకు'లూ ఉన్నాయి. "చూసినవాడు నోరెందుకు మూసుకున్నాడు" అన్న ప్రశ్న మాత్రం లేదు. గోడ మీద బోర్డు టొయోటాదే, తాడు మాత్రం మేం తెచ్చుకోలేదు.

అందుకే ఏడాది తిరక్కుండానే టొయోటాకి ఏం జరిగిందో నేను వార్తలా చదవలేకపోయాను.

2002లో ఆ కంపెనీ ప్రపంచ మార్కెట్లో పదిహేను శాతం వాటా కావాలని లక్ష్యం పెట్టుకుంది. 2008లో జనరల్ మోటార్స్‌ని దాటి మొదటి స్థానానికి వచ్చింది. 2009 ఆగస్టు 28న శాన్ డియేగో దగ్గర ఒక లెక్సస్ వేగం తగ్గక, ఆగక, ఒకే కుటుంబానికి చెందిన నలుగురు చనిపోయారు. నడుపుతున్నది హైవే పోలీసు అధికారి, అంటే నడపడం రానివాడు కాదు. డీలరు తాత్కాలికంగా ఇచ్చిన కారది. అందులో వేరే మోడల్‌కి చెందిన ఫ్లోర్ మ్యాట్ వేశారు, యాక్సిలరేటర్ పెడల్ దాని కింద ఇరుక్కుంది. దర్యాప్తులో ఇంకో సంగతి బయటపడింది. కొన్ని రోజుల ముందే ఆ కారు తీసుకెళ్ళిన ఇంకో కస్టమర్‌కీ పెడల్ అలాగే ఇరుక్కుంది. అతను అదృష్టవశాత్తు ఆపగలిగి, కారు తిరిగిచ్చేటప్పుడు ముందు బల్ల దగ్గర చెప్పి వెళ్ళాడు. అంటే ఒక మనిషి తాడు లాగాడు. ఎవరూ రాలేదు.

ఆ తర్వాత మ్యాట్ల కోసం ముప్ఫై ఎనిమిది లక్షల కార్లకి రీకాల్. అసలు కారణం సరిచేసేశాం, ఇక భయం లేదు అని కంపెనీ జనానికి చెప్పింది. కానీ కొన్ని పెడళ్ళు వాటంతట అవే అతుక్కుపోతున్నాయన్న రెండో కారణం అప్పటికే వాళ్ళకి తెలుసు. 2010 జనవరిలో ఇంకో ఇరవై మూడు లక్షల కార్లు వెనక్కి పిలిచి, ఎనిమిది మోడళ్ళ అమ్మకాలు ఆపేశారు. ఫిబ్రవరి 24న సకిచి మునిమనవడు అకియో టొయోడా అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని, మేం మరీ వేగంగా ఎదిగామేమో, ముందు భద్రత, తర్వాత నాణ్యత, ఆ తర్వాతే సంఖ్య అన్న మా వరస తారుమారైంది అన్న అర్థం వచ్చేలా ఒప్పుకున్నాడు. 2014లో జనాన్ని తప్పుదోవ పట్టించామని ఒప్పుకుని అమెరికా ప్రభుత్వానికి 120 కోట్ల డాలర్లు కట్టారు. ఫైవ్ వైస్ కనిపెట్టిన కంపెనీ, అసలు కారణం గురించి అబద్ధం చెప్పి జరిమానా కట్టింది. మా రూట్ కాజ్ డాక్యుమెంట్ గుర్తొచ్చింది నాకు.

సాఫ్ట్‌వేర్ సంగతేంటి అని అడుగుతారు, అడగాలి కూడా. రెండు వైపులా చెప్తాను. నాసా ఇంజనీర్లు నెలల తరబడి పరీక్షించి 2011 ఫిబ్రవరిలో ఇచ్చిన రిపోర్టులో కారు దానంతట అది దూసుకుపోవడానికి ఎలక్ట్రానిక్స్ కారణమని ఆధారం దొరకలేదన్నారు. దొరకలేదంటే జరగదని కాదు అని కూడా వాళ్ళే రాశారు. చాలా కేసుల్లో బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కడమే కారణమని తేలింది. అయితే 2013లో ఓక్లహోమాలో ఒక క్యామ్రీ ప్రమాదం కేసు విచారణలో కోడ్ చదివిన నిపుణుడు మైఖేల్ బార్ సాక్ష్యం చెప్పాడు. థ్రాటిల్ కంట్రోల్ కోడ్‌లో దాదాపు పది వేల గ్లోబల్ వేరియబుల్స్. స్టాక్ పొంగిపోయే అవకాశం. ఒక టాస్క్ చచ్చిపోతే పట్టుకోవాల్సిన కాపలా యంత్రాంగం సరిగా లేదు. జ్యూరీ టొయోటాకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది, తర్వాత రాజీ కుదిరింది. ఆ కోడ్ వల్లే ఆ ప్రమాదం జరిగిందా అంటే నేను ప్రమాణం చెయ్యలేను. కానీ పది వేల గ్లోబల్స్ ఒక్కరోజులో పుట్టవని మన వృత్తిలో అందరికీ తెలుసు. ఎవరో ఒక కుర్ర ఇంజనీరు ఎప్పుడో ఒకప్పుడు "సార్, ఇది బాలేదు" అని గొణిగే ఉంటాడని నా అనుమానం. నాలాగే.

ఇది పాతకథ అనుకోవద్దు. 2023 డిసెంబరులో టొయోటా సొంత కంపెనీ డైహాత్సులో భద్రతా పరీక్షల్లో మోసాలు బయటపడ్డాయి. 64 మోడళ్ళు, వాటిలో కొన్ని టొయోటా పేరుతో అమ్ముడయ్యేవి. అతి పాత మోసం 1989 నాటిది. 2024 జనవరిలో, సకిచి మగ్గాల కోసం పెట్టిన కంపెనీయే అయిన టొయోటా ఇండస్ట్రీస్‌లో డీజిల్ ఇంజన్ల శక్తిని కొలిచే పరీక్షల్లో తేడాలు చేశారని తేలి, మన దేశంలో కూడా ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ పంపడం కొద్దిరోజులు ఆపారు. అదే ఏడాది జూన్‌లో టొయోటాలోనే ఏడు మోడళ్ళ సర్టిఫికేషన్లో తప్పులున్నాయని అకియో మళ్ళీ తలవంచి క్షమాపణ చెప్పాడు. అమెరికాలో ఇంజను తయారీలో లోహపు రజను మిగిలిపోయిందని లక్షకి పైగా టండ్రాలు, లెక్సస్ ఎల్.ఎక్స్.లు వెనక్కి పిలిచారు, అదీ 2024లోనే. అయినా 2020 నుంచి 2024 దాకా ప్రతి ఏడూ ప్రపంచంలో ఎక్కువ కార్లు అమ్మింది టొయోటానే.

దీన్నిబట్టి టొయోటా చెత్త అంటున్నానా? కాదు. ఇప్పుడు నేను కొన్నా అదే కొంటానేమో. 1989లో లెక్సస్ మొదలైన కొన్ని నెలలకే చిన్న లోపాలు బయటపడితే, అమ్మిన ఎనిమిది వేల కార్లనీ ఓనర్ల ఇళ్ళకి వెళ్ళి మరీ తీసుకొచ్చి, బాగుచేసి, కడిగి, పెట్రోలు నింపి తిరిగిచ్చిన కంపెనీ ఇదే. తుప్పు పట్టిన టకోమా ట్రక్కుల్ని 2008లో మార్కెట్ ధరకంటే ఎక్కువిచ్చి వెనక్కి కొన్నదీ ఇదే. అటువైపు ఇంజన్లలో ఆయిల్ జిగురు కట్టిందని ఓనర్లు మొత్తుకుంటే, మీరు ఆయిల్ మార్చలేదని మొదట వాళ్ళ మీదే నెట్టిందీ ఇదే. ఈ రెండూ ఒకే కంపెనీ. తేడా ఎక్కడుంది? కంప్లైంట్ వచ్చినప్పుడు మగ్గం ఆపారా లేదా అన్న దగ్గర.

నేననేది ఒకటే. మనం కళ్ళు మూసుకుని కొనగలుగుతున్నామంటే, ఎక్కడో కొన్ని వేల మంది కళ్ళు తెరుచుకుని పనిచేశారు కాబట్టి. వాళ్ళు కళ్ళు మూసుకున్న రోజు ఆ పేరుకి విలువ లేదు. పేరు చెడినట్టు మనకి తెలిసేది పదేళ్ళ తర్వాత. అప్పటిదాకా పాత కష్టం మీద కొత్త బండ్లు అమ్ముడవుతూనే ఉంటాయి. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత ఊరికే రాలేదు. 1998 కొరోల్లా బాగుందన్నది 1998లో పనిచేసిన వాళ్ళ గురించి సర్టిఫికెట్. ఈ ఏడాది బండి గురించి అదేం చెప్పదు. మన కంపెనీలకీ ఇదే వర్తిస్తుంది, మన రెజ్యూమేలకీ ఇదే.

పైగా ఓనర్లుగా మన తప్పు కూడా ఉంది. బండి బాగుంటే ఊరంతా చెప్తాం. లోపం ఉంటే మాత్రం రీసేల్ పడిపోతుందని గుట్టుగా ఉంచి, తర్వాతవాడికి అంటగడతాం. కంపెనీ చేస్తే మోసం, మనం చేస్తే లోకజ్ఞానం!

ఇంతకీ మా బావమరిదికి ఏం చెప్పానంటే: "కొను, కానీ కళ్ళు తెరుచుకుని కొను. కారు నంబరు పదిహేడు అక్షరాలూ ప్రభుత్వం సైట్లో కొట్టి రీకాల్స్ ఏమైనా పెండింగ్ ఉన్నాయేమో చూడు, డబ్బులేం అడగరు. సర్వీసు కాగితాలు అడుగు. అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్‌కి చూపించు. వందో నూటయాభయ్యో పోతే పోయింది." వాడికి నచ్చలేదు. "టొయోటాకి కూడా ఇంత అవసరమా బావా" అన్నాడు. అయినా చేశాడు. మెకానిక్ టైర్లు అరిగిపోయాయన్నాట్ట. నాలుగు వందలు తగ్గించుకుని కొనుక్కున్నాడు. ఇప్పటికైతే స్టార్ట్ అవుతోంది.

నా సంగతికొస్తే, ఇప్పుడు నేనే లీడ్‌ని. రెండు నెలల క్రితం ఒక శుక్రవారం సాయంత్రం, మా టీములో కొత్తగా చేరిన వరంగల్ అమ్మాయి నా టేబుల్ దగ్గరికొచ్చి, "సార్, ఈ నంబరు ఎందుకో సరిగ్గా అనిపిస్తలేదు" అంది. గొణుగుతూనే అంది. నాకూ గడియారం కనిపించింది. రిలీజ్ ఆపాను. క్లయింటు చేత తిట్లు తిన్నాం. శనివారమంతా కూర్చుని వెతికితే తేలిందేమిటంటే, నంబరు కరెక్టే, అసలు లోపమే లేదు. ఆ అమ్మాయి మొహం చూడాలి, ఏడుపొక్కటే తక్కువ. "సారీ సార్" అంది.

"సారీ ఎందుకమ్మా, మళ్ళీ అనుమానమొస్తే మళ్ళీ చెప్పు" అన్నాను.